పెద్ద పార్టీలో స్వేచ్ఛావాది: నిలిచేదెంత, కరిగేదెంత

ప్రభుత్వం చేయి పౌరుడి జేబులోకి, పడకగదిలోకి, ఫోన్ సంభాషణలోకి, పరాయి దేశపు గడ్డ మీదికి ఎంత తక్కువగా వెళితే అంత మంచిదని నమ్మే మనిషి, అధికారం సంపాదించడమే పనిగా పెట్టుకున్న పెద్ద పార్టీలో ఉండి ఆ నమ్మకాన్ని కాపాడుకోగలడా? అమెరికాలో ఈ ప్రశ్న మీద అరవై ఏళ్లుగా వాదన నడుస్తోంది. రిపబ్లికన్ పార్టీలో ఉంటూనే పార్టీని ఎదిరించినవాళ్లున్నారు. విసిగి బయటికొచ్చినవాళ్లున్నారు. బయటికెళ్లి మళ్లీ అదే తలుపు తట్టినవాళ్లూ ఉన్నారు. ఒక్కో పక్షం ఒక్కో నాయకుడి కథను తన వాదనకు రుజువుగా చూపిస్తుండటంతో చర్చ మనుషుల చుట్టూ తిరుగుతూ చిక్కుపడిపోయింది. ఫలానా నాయకుడు నిజాయతీపరుడా కాడా అని తూచడం కంటే, సూత్రం ఏ పరిస్థితిలో నిలిచింది, ఏ పరిస్థితిలో కరిగింది అని చూస్తే దారి తేటపడుతుంది. అలా చూసినప్పుడు ఒక విషయం స్పష్టంగా తేలుతుంది: పెద్ద పార్టీలో స్వేచ్ఛావాదం ఆపే శక్తిగా బతికింది, నడిపే శక్తిగా బతకలేదు. ఆ ఆపే శక్తి కూడా పదవుల మీద ఆశ వదులుకున్నవారి చేతిలోనే నిలిచింది.

ఒకే ఇంట్లో రెండు కాపురాలు

ముందుగా మాట అర్థం. అమెరికాలో ‘లిబరల్’ అంటే ఇప్పుడు సంక్షేమ రాజ్యాన్ని సమర్థించేవారు. ‘లిబర్టేరియన్’ అంటే, మనం స్వేచ్ఛావాది అనుకుందాం, ఆర్థిక విషయాల్లోనూ వ్యక్తిగత విషయాల్లోనూ ప్రభుత్వ జోక్యాన్ని ఒకే కొలబద్దతో వ్యతిరేకించేవారు. పన్నులు తగ్గించమంటారు, మత్తుమందుల మీద యుద్ధం ఆపమంటారు, విదేశాల్లో సైనిక స్థావరాలు వద్దంటారు. ఈ మూడూ ఒకే మొదలు నుంచి వచ్చిన కొమ్మలని వారి నమ్మకం. రిపబ్లికన్ పార్టీతో వారి పొత్తుకు తాత్విక పునాది 1955లో మొదలైన ‘నేషనల్ రివ్యూ’ పత్రికలో పడింది. వ్యక్తి స్వేచ్ఛ, సంప్రదాయ విలువలు ఒకదానికొకటి శత్రువులు కావని, రెంటికీ ఉమ్మడి శత్రువు బలిసిపోతున్న ప్రభుత్వమేనని అక్కడ ఫ్రాంక్ మేయర్ వాదించారు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో సోవియట్ భయం ఈ కాపురాన్ని కలిపి ఉంచింది. 1964లో అధ్యక్ష అభ్యర్థి అయిన బ్యారీ గోల్డ్‌వాటర్ ఈ కలయికకు మొదటి పెద్ద ముఖం. ఆయన ఆరు రాష్ట్రాల్లోనే గెలిచి చిత్తుగా ఓడిపోయారు. పైగా ఆ ఏడాది పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేయడం వల్ల, స్వేచ్ఛ పేరు చెప్పి నల్లజాతి పౌరుల స్వేచ్ఛకు అడ్డు నిలిచారన్న మచ్చ ఈ ఆలోచనకు అంటుకుంది.

ఆ కాపురంలో మొదటి చీలిక వియత్నాం మీద వచ్చింది. 1969లో సెయింట్ లూయిస్‌లో జరిగిన సంప్రదాయవాద యువజన సంఘం మహాసభలో సైన్యంలోకి నిర్బంధ భర్తీ మీద ఇరువర్గాలు తెగతెంపులు చేసుకున్నాయి. ఇక 1971 ఆగస్టు 15న రిపబ్లికన్ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ స్వయంగా టీవీ తెర మీదికి వచ్చి జీతాలను, ధరలను 90 రోజుల పాటు స్తంభింపజేస్తున్నట్టు, డాలరుకు బంగారంతో ఉన్న ముడిని తెంచుతున్నట్టు ప్రకటించారు. స్వేచ్ఛా విపణికి కాపలా కాస్తామన్న పార్టీయే ధరల పట్టిక రాయడానికి కూర్చుంటే ఇక అందులో ఉండి ప్రయోజనమేమిటని కొందరు నిశ్చయించుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో కొలరాడోలో లిబర్టేరియన్ పార్టీ పుట్టింది. లోపలా బయటా అన్న ప్రశ్న అప్పటి నుంచీ నలుగుతూనే ఉంది.

మూడు వాదాలు

మొదటి వాదం లోపలే ఉండాలంటుంది. ఒక నియోజకవర్గానికి ఒక్కరే సభ్యుడు, ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే గెలుపు అన్న పద్ధతిలో మూడో పార్టీకి చోటు దొరకదు. కనుక ఉన్న రెండింటిలో ఒకదాని గుర్తు తీసుకోక తప్పదు. ఈ వాదానికి రాన్ పాల్ జీవితమే పెద్ద సాక్ష్యం. టెక్సస్‌కు చెందిన ఈ ప్రసూతి వైద్యుడు 1988లో లిబర్టేరియన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడితే దేశమంతటా అర శాతం ఓట్లు కూడా రాలేదు. 2012లో రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోసం పోటీపడినప్పుడు ప్రైమరీల్లో సుమారు 20 లక్షల ఓట్లు వచ్చాయి. టీవీ చర్చా వేదికల మీద అగ్ర నాయకుల పక్కన నిలబడి కేంద్ర బ్యాంకును, ఇరాక్ యుద్ధాన్ని తప్పుపట్టే అవకాశమూ దక్కింది. మనిషి అతడే, మాట అదే. వేదిక మాత్రమే మారింది.

రెండో వాదం బయటే ఉండాలంటుంది. లోపలికి వెళ్లినవాడు పార్టీని మార్చడు, పార్టీయే అతణ్ని మారుస్తుందన్నది దీని సారాంశం. గెలవకపోయినా గెలుపోటములను తేల్చగలిగితే పెద్ద పార్టీలే దిగివచ్చి బేరమాడతాయని ఈ పక్షం ఆశ. ఇది వట్టి ఊహ కాదు. 2020 నవంబరులో జార్జియా సెనేట్ పోటీలో లిబర్టేరియన్ అభ్యర్థికి రెండు శాతం పైచిలుకు ఓట్లు పడటంతో, అందరికంటే ముందున్న రిపబ్లికన్ అభ్యర్థి 50 శాతం గీత దాటలేకపోయారు. రెండో విడతలో ఆయన ఓడిపోవడం సెనేట్ ఆధిపత్యాన్నే మార్చేసింది. 2024 మేలో డొనాల్డ్ ట్రంప్ లిబర్టేరియన్ మహాసభకు స్వయంగా వెళ్లి, ఈలలూ కేకలూ భరించి, స్వేచ్ఛావాదులు విడుదల కోరుతూ వచ్చిన ఖైదీ రాస్ ఉల్‌బ్రిక్ట్‌ను విడిపిస్తానని మాటిచ్చారు. 2025 జనవరిలో పదవి చేపట్టిన మర్నాడే క్షమాభిక్ష ఇచ్చారు. అయితే ఇదే దారికి మరో ముఖమూ ఉంది. 2016లో గ్యారీ జాన్సన్‌కు 3 శాతం దాటిన ఆ పార్టీ ఓటు 2024లో అర శాతం లోపుకు పడిపోయింది.

మూడో వాదం పార్టీ ప్రశ్ననే పక్కన పెడుతుంది. ముందు ప్రజల ఆలోచన మారాలి, అది మారితే ఏ పార్టీ అయినా వెనకే నడుస్తుందంటుంది. 1977లో మొదలైన కేటో ఇన్‌స్టిట్యూట్ వంటి మేధో సంస్థలు ఈ దారిలో నడిచాయి. ఈ పక్షం చూపే ఉదాహరణలు బలమైనవి. మిల్టన్ ఫ్రీడ్‌మన్ సభ్యుడిగా ఉన్న సంఘం సిఫారసు తర్వాత 1973లో నిర్బంధ సైనిక భర్తీ ఆగిపోయింది. అప్పుడు అధ్యక్షుడు ధరలు స్తంభింపజేసిన ఆ నిక్సనే. విమానయానంపై ప్రభుత్వ నియంత్రణను ఎత్తివేసే చట్టం మీద 1978లో సంతకం పెట్టింది డెమొక్రాట్ అయిన జిమ్మీ కార్టర్. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో గంజాయిని చట్టబద్ధం చేసింది శాసనసభ్యులు కాదు, నేరుగా ఓటర్లు. క్లుప్తంగా చెప్పాలంటే మొదటి దారిలో వేదిక దొరుకుతుంది, స్వచ్ఛతకు ముప్పు. రెండో దారిలో స్వచ్ఛత దక్కుతుంది, వేదిక చిన్నది. మూడో దారిలో ఫలితం పెద్దది కావచ్చు, కానీ ఎప్పుడు ఎవరి చేతుల మీదుగా వస్తుందో ఎవరి అదుపులోనూ ఉండదు.

ఓటు నమోదు పుస్తకం చెప్పేది

సూత్రం నిలిచిందా లేదా అన్నది ఉపన్యాసాల్లో తేలదు, ఓటు నమోదు పుస్తకంలో తేలుతుంది. 2001లో ఉగ్రదాడి వేడిలో నిఘా అధికారాలు పెంచే పేట్రియట్ చట్టం వచ్చినప్పుడు ప్రతినిధుల సభలో దాన్ని వ్యతిరేకించిన రిపబ్లికన్లు ముగ్గురే. 2002లో ఇరాక్ యుద్ధానికి అనుమతి తీర్మానాన్ని వ్యతిరేకించినవారు ఆరుగురు. రెండు జాబితాల్లోనూ ఉన్న రిపబ్లికన్ రాన్ పాల్ ఒక్కరే. సొంత పార్టీ అధ్యక్షుడు, యుద్ధ వాతావరణం, మరుసటి ఎన్నిక, ఇన్ని ఒత్తిళ్ల మధ్య పడ్డ ఓట్లవి. పార్టీ ఆయన్ని వెళ్లగొట్టలేదు. కానీ ఆయన మాట చట్టమూ కాలేదు. కేంద్ర బ్యాంకు లెక్కలను పూర్తిగా తనిఖీ చేయాలన్న ఆయన బిల్లు 2012లో ప్రతినిధుల సభలో 327–98తో నెగ్గి కూడా సెనేట్‌లో ఆగిపోయింది.

ఆపే శక్తి ఎలా పనిచేస్తుందో చూడటానికి 2013 జులై 24 నాటి ఓటింగ్ మంచి నమూనా. అమెరికన్ల ఫోన్ రికార్డులను నిఘా సంస్థ గంపగుత్తగా పోగుచేస్తోందని ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆ పనికి నిధులు ఆపాలని మిషిగన్‌కు చెందిన యువ రిపబ్లికన్ జస్టిన్ అమాష్ సవరణ ప్రతిపాదించారు. శ్వేతసౌధం వద్దంది. సాధారణంగా ఓటు వేయని స్పీకర్ జాన్ బేనర్ దాన్ని ఓడించడానికి ఓటు వేశారు, ప్రతిపక్ష నాయకురాలు నాన్సీ పెలోసీ కూడా వ్యతిరేకంగానే వేశారు. పేట్రియట్ చట్టాన్ని ముందుండి నడిపించిన జిమ్ సెన్సెన్‌బ్రెనర్ మాత్రం తాను రాసిన చట్టానికి ఈ అర్థం లేదంటూ సవరణ వైపు నిలిచారు. రెండు పార్టీల అగ్రనాయకత్వమూ ఒకవైపు ఉంటే, 94 మంది రిపబ్లికన్లు, 111 మంది డెమొక్రాట్లు మరోవైపు చేరారు. సవరణ 205–217తో ఓడింది. కానీ ఆ 12 ఓట్ల తేడా చూశాక పాత పద్ధతి ఎక్కువ కాలం సాగదని నాయకులకూ అర్థమైంది. 2015 జూన్‌లో వచ్చిన చట్టం ఆ గంపగుత్త సేకరణను ఆపింది. అమాష్ మంత్రి కాలేదు, కమిటీ అధ్యక్షుడూ కాలేదు. అవతలి పార్టీలో తోడు దొరికిన ఒక అంశం మీద, ఓడిపోయిన ఓటుతోనే ఫలితం తెచ్చారు.

2020 మార్చి 27 ఇంకో రకం పాఠం. కరోనా సహాయం కింద 2.2 లక్షల కోట్ల డాలర్ల బిల్లును మూజువాణి ఓటుతో ముగించాలని ఇరుపార్టీల నాయకులూ అనుకున్నారు. ఇంత సొమ్ము ఎవరి పేరూ నమోదు కాకుండా పోకూడదని, కోరం ఉందో లేదో చూడాలని, ప్రతి సభ్యుడి ఓటూ రాయాలని కెంటకీ సభ్యుడు థామస్ మాసీ పట్టుబట్టారు. సభ్యులు హడావుడిగా రాజధానికి తిరిగొచ్చి, దూరం పాటించడానికి సందర్శకుల గ్యాలరీల్లో సైతం కూర్చుని కోరం నింపారు. ఓటు నమోదుకు హాజరైనవారిలో ఐదో వంతు మద్దతు కావాలి. అది రాలేదు, బిల్లు మూజువాణితోనే గట్టెక్కింది. మాసీని పార్టీ నుంచి తరిమేయాలని ట్రంప్ అదే రోజు పిలుపునిచ్చారు. మూడు నెలలకు జరిగిన ప్రైమరీలో సొంత నియోజకవర్గం ఆయనకు 80 శాతానికి పైగా ఓట్లిచ్చింది. సూత్రం నిలవడానికి కావలసింది నాయకత్వం మెప్పు కాదు, ఇంటిదగ్గరి ఓటరు నమ్మకం అని దీన్నిబట్టి తెలుస్తుంది.

దీనికి ఎదురుగా రాన్ పాల్ కుమారుడు, సెనేటర్ ర్యాండ్ పాల్ ప్రయాణం ఉంది. 2013 మార్చిలో అమెరికా గడ్డ మీద సొంత పౌరులపై డ్రోన్లు వాడతారా అని నిలదీస్తూ దాదాపు 13 గంటలు సభలో ఏకధాటిగా మాట్లాడి దేశం చూపు తనవైపు తిప్పుకున్నారు. రెండేళ్ల తర్వాత, అధ్యక్ష పోటీకి సిద్ధమవుతూ, రక్షణ వ్యయాన్ని రెండేళ్లలో సుమారు 190 బిలియన్ డాలర్లు పెంచే సవరణ ఆయనే తెచ్చారు. ఇతర ఖర్చులు కోసి ఆ సొమ్ము చూపించిన మాట నిజమే. కానీ సైనిక వ్యయం తగ్గించాలన్న తన పాత వాదనకు అది ఎదురే. ఎటూ మెప్పించలేక 2016లో తొలి పోటీ జరిగిన అయోవా తర్వాత తప్పుకున్నారు. మళ్లీ సెనేటర్‌గా మాత్రమే మిగిలాక 2025లో లోటు పెంచే పన్నుల బిల్లుకు వ్యతిరేకంగా ఓటేయడానికి ఆయనకు ఏదీ అడ్డు రాలేదు. ఒకే మనిషిలో సూత్రం వంగిన కాలం, నిటారుగా నిలిచిన కాలం రెండూ కనిపిస్తాయి. వంగింది నాయకత్వం కోసం చేయి చాచినప్పుడు.

పార్టీ ఉంచుకునే సగం

ఈ సాక్ష్యాలన్నీ పక్కపక్కన పెడితే తేలేది ఇది: పెద్ద పార్టీ స్వేచ్ఛావాదాన్ని తిరస్కరించదు, సగానికి కోసి తీసుకుంటుంది. ఓటరుకు తీపిగా తగిలే పన్ను కోత ఉంచుకుంటుంది. చేదుగా తగిలే వ్యయం కోత, తన చేతిలోని అధికారాన్ని తగ్గించే నిఘా నియంత్రణ, యుద్ధ నిరాకరణ వదిలేస్తుంది. 2025 జులై నాటి పన్నుల బిల్లు పదేళ్లలో లోటును 3.4 లక్షల కోట్ల డాలర్లు పెంచుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా కట్టింది. ప్రతినిధుల సభలో తుది ఓటింగ్‌లో దాన్ని కాదన్న రిపబ్లికన్లు ఇద్దరే, అందులో మాసీ ఒకరు. పన్ను తగ్గించి ఖర్చు తగ్గించకపోతే ప్రభుత్వం చిన్నదవదు. భారం మాత్రం రేపటి పన్ను చెల్లింపుదారుకు బదిలీ అవుతుంది. కనుక సగం స్వేచ్ఛావాదం అసలు స్వేచ్ఛావాదమే కాదు, దాని పేరు మీద జరిగే అప్పు మాత్రమే. పార్టీలో ఉన్న స్వేచ్ఛావాదికి నిజమైన పరీక్ష, పార్టీ పారేసిన ఆ రెండో సగాన్ని మోస్తున్నాడా లేదా అన్నదే.

బీ-ఫారం ఎవరి చేతిలో ఉంది?

అమెరికాలో ఈ మాత్రమైనా సాధ్యం కావడానికి కారణం అక్కడి ప్రైమరీ పద్ధతి. 1996లో రాన్ పాల్ తిరిగి సభకు వచ్చినప్పుడు పార్టీ పెద్దలు, డెమొక్రాట్ల నుంచి ఫిరాయించి వచ్చిన సిట్టింగ్ సభ్యుణ్నే సమర్థించారు. ప్రైమరీ ఓటర్లు పాల్‌ను ఎంచుకున్నారు. అక్కడ బీ-ఫారం ఇచ్చేది అధిష్ఠానం కాదు, స్థానిక ఓటరు. మన దగ్గర పరిస్థితి తలకిందులు. 1985లో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేసిన సభ్యుడు సభ్యత్వమే పోగొట్టుకోవచ్చు. ఫిరాయింపులను ఆపడానికి తెచ్చిన ఆ కట్టు, సూత్రం కోసం వేసే ఓటునూ కట్టేసింది. మాసీ లాంటి సభ్యుడు ఇవాళ లోక్‌సభలో ఒక్క సమావేశం కూడా నిలవడం కష్టం.

ఆ చట్టం లేని రోజుల్లోనూ తెలుగు నేలకు ఈ సంకటం తెలుసు. నిడుబ్రోలు రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా 1951లో కాంగ్రెస్‌ను వీడి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, కొన్నేళ్లకే మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చారు. 1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ సమావేశం ఉమ్మడి సహకార సేద్యాన్ని లక్ష్యంగా ప్రకటించినప్పుడు, రైతు భూమి రైతు చేతి నుంచి జారిపోతుందని ఎదిరించి బయటికొచ్చారు. రాజాజీ, మీనూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి దానికి అధ్యక్షుడయ్యారు. ఆయనది అమెరికా తరహా స్వేచ్ఛావాదం కాదు. రైతు ఆస్తి హక్కు దాని గుండెకాయ. అయినా ప్రశ్న అదే. ఆ పార్టీ 1967లో 44 స్థానాలతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది, 1971లో 8కి పడిపోయింది, 1974లో మరో పార్టీలో కలిసిపోయింది. రంగా తిరిగి కాంగ్రెస్‌లో చేరి గుంటూరు నుంచి మళ్లీ మళ్లీ గెలిచారు. స్వతంత్ర పార్టీ తిట్టిన పర్మిట్–లైసెన్సు వ్యవస్థను 1991లో చాలావరకు విప్పింది ఆ కాంగ్రెస్సే, పి.వి. నరసింహారావు ప్రధానిగా, విదేశీ మారక నిల్వలు అడుగంటిన వేళ. బయటివారు ఆలోచన విత్తారు, లోపలివారు అవసరం తరుముకొచ్చినప్పుడు కోశారు. మూడో వాదానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

ఎన్నికల పద్ధతి మారితే సమాధానమూ మారుతుంది. ఓట్ల నిష్పత్తిలో సీట్లిచ్చే న్యూజిలాండ్‌లో, లేబర్ పార్టీ మాజీ ఆర్థిక మంత్రి రోజర్ డగ్లస్ 1994లో మరొకరితో కలిసి స్థాపించిన యాక్ట్ పార్టీ 2023 నుంచి సంకీర్ణ ప్రభుత్వంలో ఉంది. అక్కడ స్వేచ్ఛావాది పెద్ద పార్టీలో తల దాచుకోనక్కర్లేదు. అలాగని చిన్న పార్టీకి భద్రత ఉందనీ కాదు. జర్మనీలో ఫ్రీ డెమొక్రాట్లు సంకీర్ణంలో నలిగి 2025లో ఐదు శాతం గీత కిందికి జారి సభకే దూరమయ్యారు.

రెండు అభ్యంతరాలు

ఆపడం మాత్రమే చేసేవాడు రాజకీయ నాయకుడెలా అవుతాడు, ఊరికే కాదనడం సుఖమైన పని కదా అన్నది మొదటి అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది. రాన్ పాల్ తన జిల్లా పనులకు బిల్లుల్లో నిధులు చేర్పించి, తర్వాత ఆ బిల్లులకే వ్యతిరేకంగా ఓటేసేవారు. ఎలాగూ ఖర్చయ్యే సొమ్ములో తన ఓటర్ల వాటా అడిగానన్నది ఆయన సమర్థన. పాము చావకుండా కర్ర విరగకుండా నడిచే ఈ పద్ధతి సూత్రానికి వన్నె తేదు. అయితే 2013 నాటి సవరణ చూపినట్టు, కాదనడం ఊరికే పోదు. సరైన అంశం మీద, అవతలి పక్షంలో తోడు వెతుక్కుని కాదంటే అది చట్టంగా మారుతుంది.

సూత్రం మీద నిజంగా గౌరవం ఉంటే బయటికి రావాలి కదా అన్నది రెండోది. అమాష్ అదే చేశారు. 2019 జులై 4న రిపబ్లికన్ పార్టీని వీడి, 2020లో లిబర్టేరియన్ పార్టీలో చేరి, ఆ పార్టీకి కాంగ్రెస్‌లో మొదటి సభ్యుడయ్యారు. 2021 జనవరితో ఆయన పదవీకాలం ముగిసింది. 2024లో సెనేట్ కోసం తిరిగి రిపబ్లికన్ ప్రైమరీకే వచ్చి ఓడిపోయారు. బయటికి రావడం ఆయన మనస్సాక్షిని కాపాడింది, గొంతును కాపాడలేకపోయింది. దీన్ని ఓటమిగా మాత్రమే చూడటం అన్యాయం. వేసిన ప్రతి ఓటుకూ కారణం రాసి ప్రజల ముందు పెట్టిన సభ్యుడి ఆదర్శం పదవి కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇంకా తేలనివి

స్థానిక ఓటరు నమ్మకమే స్వేచ్ఛావాదికి కోట అనుకున్నాం. ఆ ఓటరే జిల్లా ప్రతినిధి కంటే పార్టీ అధినేతకు ఎక్కువ విధేయుడైతే ఆ కోట ఎంతకాలం నిలుస్తుంది? 2025లో మాసీపై ప్రైమరీలో పోటీ పెట్టాలని ట్రంప్ బహిరంగంగా పూనుకోవడంతో ఈ ప్రశ్న పదునెక్కింది. డెమొక్రటిక్ పార్టీలో పౌరస్వేచ్ఛల పక్షం బలంగా ఉన్నా ఆర్థిక స్వేచ్ఛతో దాన్ని జోడించే రాజకీయం అక్కడ ఎందుకు ఎదగలేదన్నదీ తేలలేదు. అర్జెంటీనాలో హావియర్ మిలే 2023లో కొత్త పార్టీతోనే అధ్యక్షుడయ్యారు. ద్రవ్యోల్బణం కుదిపేసిన దేశంలో, రెండు విడతల ఎన్నికతో వచ్చిన ఆ గెలుపు ఇతర చోట్లకు పాఠమవుతుందా అన్నదీ కాలమే చెప్పాలి.

తేలినంత వరకు మాత్రం మాట స్పష్టం. స్వేచ్ఛావాది పెద్ద పార్టీలో ఉండవచ్చు, దాని గుర్తు మీద గెలవవచ్చు, కానీ తన ఓటును దాని చేతికి ఇచ్చిన రోజున అతడిలో మిగిలేది పార్టీకి నచ్చిన సగమే. ఆ సగానికి పార్టీలో ఎప్పుడూ కరువు లేదు. ప్రజలకు కావలసింది రెండో సగాన్ని మోస్తూ, యుద్ధం వేళ, భయం వేళ, ఖజానా తలుపులు తెరుచుకున్న వేళ, సభలో లేచి తన పేరు మీద ‘వద్దు’ అని నమోదు చేయించే మనిషి. అలాంటివారు ప్రభుత్వాలు నడపరు. కానీ ప్రభుత్వం ఎక్కడ ఆగాలో గుర్తుచేసేవారు సభలో ఒక్కరూ లేని దేశం మరింత పేదది. కనుక అలాంటి సభ్యుణ్ని పార్టీ భరిస్తుందా అన్నదాని కంటే, అతణ్ని గెలిపించి పంపే ఓటరు ఉన్నాడా అన్నదే అసలు ప్రశ్న.